హెరిటేజ్ కోడి అంటే ఏ కోడి?

మొన్న మన గ్రూపులో ఒకావిడ అడిగారు గుర్తుందా? "ఫార్మర్స్ మార్కెట్‌లో హెరిటేజ్ చికెన్ అని బోర్డు పెట్టి నాలుగింతల రేటుకి అమ్ముతున్నారు, అది మన నాటుకోడేనా?" అని. నేనప్పుడు నైట్ డ్యూటీలో ఉన్నాను, జవాబు పెట్టలేకపోయాను. ఇదే ప్రశ్న రెండేళ్ల క్రితం మా అత్తయ్యగారు నన్ను అడిగారు. అప్పట్నుంచీ దొరికినప్పుడల్లా దీని గురించి చదువుతూనే ఉన్నాను.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఈక రంగు చూసో, ఆరుబయట తిరిగిందనో హెరిటేజ్ అనేయకూడదు. అమెరికాలో అంతరించిపోతున్న పెంపుడు జాతుల్ని కాపాడే లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అనే సంస్థ 2009లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. 20వ శతాబ్దం సగానికి ముందే అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ గుర్తించిన జాతి అయ్యుండాలి. ఆ అసోసియేషన్ 1873లో పుట్టింది, ఏ జాతి ఎలా ఉండాలో చెప్పే పుస్తకాన్ని మరుసటి ఏడే అచ్చేసింది. పిల్ల మెల్లగా పెరగాలి, కోతకి రావడానికి కనీసం 16 వారాలు పట్టాలి. పెట్ట 5 నుంచి 7 ఏళ్లు, పుంజు 3 నుంచి 5 ఏళ్లు బయటి గాలిలో పనికొచ్చేలా బతకాలి. అన్నిటికంటే ముఖ్యం, పుంజూ పెట్టా వాటంతటవే జతకట్టి తమలాంటి పిల్లల్నే కనాలి. ప్యాకెట్ మీద జాతి పేరు కూడా రాయాలి. కాబట్టి ఈసారి కొనేముందు "ఏ జాతి?" అని అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ బోర్డుని నమ్మక్కర్లేదు.

మరి 20వ శతాబ్దం సగం దగ్గరే ఎందుకు గీత గీశారు? దీని వెనక మనలాంటి ఒక ఇల్లాలి కథ ఉంది. నేనుండేది డెలావేర్‌లో. ఇక్కడ ఓషన్ వ్యూ అనే ఊళ్లో సెసిల్ స్టీల్ అనే ఆవిడ గుడ్ల కోసం నాలుగు కోళ్లు పెంచుకునేది. భర్తది కోస్ట్ గార్డ్‌లో ఉద్యోగం. 1923లో ఆవిడ 50 పిల్లలకి ఆర్డరిస్తే పొరపాటున 500 వచ్చాయి. వెనక్కి పంపకుండా చిన్న షెడ్డు కట్టించి పెంచింది. 18 వారాలకి ఒక్కోటి రెండు పౌండ్లు తూగాక, మిగిలిన 387 కోళ్లని పౌనుకి 62 సెంట్ల చొప్పున అమ్మేసింది. మరుసటి ఏడు వెయ్యి పిల్లల్ని తెప్పించింది. 1926కల్లా పదివేలకి సరిపడే షెడ్డు వేసింది. మాంసం కోసమే కోడిని పెంచే వ్యాపారం ఇక్కడ అలా మొదలైంది. ఆ మొదటి షెడ్డు ఇప్పుడు డోవర్‌లోని వ్యవసాయ మ్యూజియంలో ఉంది. మా పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను. మన అపార్ట్‌మెంట్‌లో ఒక బెడ్‌రూమ్ అంత కూడా అనిపించలేదు నాకు.

తర్వాత 1948లో మా రాష్ట్రంలోనే "రేపటి కోడి" అనే పోటీ ఫైనల్ జరిగింది. దేశం నలుమూలల నుంచీ గుడ్లు తెప్పించి, ఒకేచోట పొదిగించి, ఒకేలా పెంచి, ఎవరి కోడికి రొమ్ము మాంసం ఎక్కువుందో, ఎవరిది తొందరగా పెరిగిందో చూశారు. గెలిచింది కాలిఫోర్నియాకి చెందిన వాన్‌ట్రెస్ కోడి. అది కార్నిష్, న్యూహాంప్‌షైర్ జాతుల సంకరం. ఆ తర్వాత ఒక్కో జాతిని విడిగా పెంచేవాళ్లు తగ్గిపోయి, కంపెనీల సంకర కోళ్లు వచ్చాయి. ఇప్పుడు ఆరేడు వారాలకే కోతకొచ్చే బ్రాయిలర్లన్నీ ఆ దారిలో వచ్చినవే. వాటిని ఇంట్లో పెంచి గుడ్లు పొదిగించినా, పిల్లలు తల్లిలా ఒక తీరుగా రావు. ప్రతిసారీ హేచరీ నుంచి కొనుక్కోవాల్సిందే. అందుకే గీత అక్కడ గీశారు.

ఇంతకీ ఆ కార్నిష్ ఎక్కడిది? ఇది చదివి నేను వంట ఆపేసి కూర్చున్నాను. 19వ శతాబ్దం మొదట్లో మన దేశంలో సైన్యంలో పనిచేసిన సర్ వాల్టర్ గిల్బర్ట్ అనే దొర ఇక్కడి అసీల్ కోళ్లని ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కి తీసుకెళ్లి అక్కడి పందెం కోళ్లతో కలిపాడు. పందేనికి పనికొస్తుందనుకుంటే పనికిరాలేదు గానీ ఛాతీ మాత్రం ఇంత వెడల్పున వచ్చింది. బ్రిటన్‌లో దాన్ని ఇవాళ్టికీ ఇండియన్ గేమ్ అనే అంటారు. అంటే మనం "రుచీ పచీ లేదు" అని తిట్టుకుంటూ కొనుక్కొచ్చే బ్రాయిలర్ రొమ్ములో గోదావరి జిల్లాల పందెం పుంజు చుట్టరికం ఉందన్నమాట! అసీల్ అన్నా మనం రోజూ వాడే "అసలు" అన్నా ఒకే అరబ్బీ మూలం. అయినా ఇంత పాత అసీల్‌కి అమెరికా పుస్తకంలో చోటు దొరికింది 1981లో. ఏడాది ఒక్కటే లెక్కేస్తే అది హెరిటేజ్ కాకుండా పోతుంది! అయితే కాపాడాల్సిన జాతుల జాబితాలో అదే సంస్థ అసీల్‌ని కూడా పెట్టింది లెండి.

ఇక మా అత్తయ్యగారి సంగతి. ఆవిడది భీమవరం దగ్గర పల్లె. మార్కెట్లో ఆ బోర్డు చూసి "అమ్మాయ్, అది పొదుగుతుందా?" అని అడిగారు. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. "మన పెరట్లోవి పొదగడం మానేశాయే" అన్నారు. ఒకప్పుడు ఆవిడకి పొదుగు పెట్టలుండేవి. ఏటా రెండుసార్లు పిల్లల్ని లేపేవి, ఆ పిల్లల్నీ గుడ్లనీ అమ్మిన డబ్బు ఆవిడ చేతిలోనే ఉండేది. మా ఆయన కాలేజీ పుస్తకాలు ఆ డబ్బుతోనే కొన్నారట. తర్వాత హైదరాబాద్‌లో పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు ఊళ్లోకొచ్చాయి. నిజం చెప్పాలంటే అవి మంచి కోళ్లే. చూడ్డానికి అచ్చం నాటుకోళ్లలాగే రంగురంగుల్లో ఉంటాయి, నాటు పెట్ట కంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడతాయి. కానీ గంపలో కూర్చుని పొదగమంటే కూర్చోవు. ఏడాదికోసారి పిల్లల్ని కొనాలి, డబ్బు మావయ్యగారిని అడగాలి. గుడ్లు తక్కువ పెట్టినా పొదుగులో అసీల్ పెట్టకి సాటి లేదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

అమెరికా నిర్వచనంలో "వాటంతటవే" అన్న మాటకి అర్థం నాకు ఆవిడ వల్లే తెలిసింది. ఆ మాట ఆవిడకి తెలుగులో చెబితే, "దానికి అంత ఇంగ్లీషెందుకు, పొదుగు పెట్ట అంటే సరిపోదూ" అన్నారు.

ఆవిడ ఊరెళ్లాక పక్క వీధిలో పుంజులు పెంచేవాళ్లింటికి వెళ్లి, బతిమాలి ఒక పాత పెట్టని తెచ్చుకున్నారు. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో గంప ఎత్తి చూపించారు. పదకొండు గుడ్లు వేస్తే ఎనిమిది పిల్లలు లేచాయి. రెండు నల్లవి, మిగతావి గోధుమరంగువి. మా చిన్నది వాటికి పేర్లు పెట్టడం మొదలెట్టింది. "పేర్లు పెట్టకే, తర్వాత కూర తినవు" అంటున్నారు అత్తయ్యగారు.