కాసుల్లో లెక్కేస్తే కెమెరా ఖరీదెంత?

మన ఇళ్లల్లో ఏ పెద్ద ఖర్చు వచ్చినా పెద్దవాళ్లు దాన్ని రూపాయల్లో చూడరు. "అంటే ఎన్ని కాసులు?" అని అడుగుతారు. కోస్తా జిల్లాల్లో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుని, తుంగభద్ర ఎడమకాలువ నీళ్లు నమ్ముకుని రాయచూరు జిల్లాకి వచ్చిన మొదటి తరం వాళ్లకి అలవాటైన లెక్క అది. రూపాయి విలువ మారిపోతుంది, కాసు మాత్రం ఎప్పుడూ ఎనిమిది గ్రాములే.

ఇప్పుడు మన పిల్లల్లో ఒక కొత్త మోజు కనపడుతోంది. బెంగళూరు, హైదరాబాదు, ఇంకా బయటి దేశాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు పాత మెకానికల్ కెమెరాలు వెతికి వెతికి కొంటున్నారు. బ్యాటరీ ఉండదు, స్క్రీను ఉండదు, రీలు వేసి చేత్తో తిప్పుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది అర్థం కాదు. ఫోన్లో ఊరికే వచ్చే ఫొటోకి ఇంత డబ్బెందుకు అంటారు. ఈ వాదన కొత్తదేమీ కాదు, వందేళ్ల పైబడిన వాదనే. అందుకే కెమెరా చరిత్రని మన లెక్కలోనే, కాసుల్లోనే, ఒకసారి చూద్దాం.

ముందు ఒక చిన్న విషయం. 1899 నుంచి బ్రిటిష్ ఇండియాలో సవరను బంగారు నాణేనికి 15 రూపాయలని ప్రభుత్వమే రేటు కట్టింది. సవరను అంటే దాదాపు ఎనిమిది గ్రాములు, అంటే మన కాసే. కాబట్టి ఆనాటి ఖరీదు ఏదైనా సరే, 15తో భాగిస్తే కాసులు వచ్చేస్తాయి.

మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య గారు కుర్రతనంలోనే మద్రాసు వెళ్లి, మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. అది బాగానే నడిచింది. అలాంటి మనిషి 1909–10 ప్రాంతంలో ఆ స్టూడియోని తాకట్టు పెట్టి, క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. ఖరీదు 30,000 రూపాయలు. అంటే 2,000 కాసులు, పదహారు కిలోల బంగారం. ఈ మాట మా అమ్మమ్మకి చెబితే "ఆయనకి పెళ్లాం బిడ్డలు లేరా?" అంది.

నిజానికి అది కెమెరా కాదు, బొమ్మ చూపించే యంత్రం. ఫ్రాన్సులో గామాంట్ కంపెనీ తయారుచేసింది. తెర మీద చిన్న సినిమా ఆడుతుంటే దానికి జతగా గ్రామఫోను ప్లేటు తిరుగుతుంది. ఆ శబ్దం హాలంతా వినపడేలా గాలి ఒత్తిడితో పెంచుతారు. కరెంటు మైకులు లేని రోజుల్లో అది వింతే. వెంకయ్య గారు దాన్ని మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించారు. తర్వాత దక్షిణాదంతా, సిలోను, బర్మా దాకా తిప్పారు. 1914 నాటికి మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన మొదటి సినిమా థియేటరు అదే. ఆ పైన క్రౌన్, గ్లోబ్ కూడా వచ్చాయి. కొడుకు ప్రకాశ్‌ని సినిమా పని నేర్చుకోమని లండను పంపారు. ఆయన తిరిగొచ్చి 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" తీశారు. తెలుగువాళ్ల మొదటి మూకీగా చెప్పుకునేది దాన్నే.

నేను రాయచూరు జిల్లాలో కన్నడ మీడియంలో చదువుకున్నాను. బళ్లో వెంకయ్య గారి పేరు వినలేదు. తెలుగు సినిమాలు చూస్తూ పెరిగినా, అవార్డు పేరుగా తప్ప ఆయన నాకు తెలియదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980 నుంచి ఆయన పేరు మీద అవార్డు ఇస్తూ వచ్చింది. ఆ పేరు వెనకాల 2,000 కాసుల తాకట్టు ఉందని పెద్దయ్యాకే తెలిసింది.

దాదాపు ఆ రోజుల్లోనే బొంబాయి వైపు ఇంకొకాయన ఇలాంటి పనే చేశాడు. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో జీవిత బీమా పాలసీలు తాకట్టు పెట్టి లండను వెళ్లి, విలియమ్సన్ కెమెరా కొన్నాడు. ఖరీదు 50 పౌన్లు. పౌను అన్నా సవరను అన్నా ఒకటే కాబట్టి సరిగ్గా 50 కాసులు. చెక్క పెట్టె, ఇత్తడి పళ్ల చక్రాలు, పక్కన ఒక పిడి. పిడి ఒకసారి తిప్పితే ఎనిమిది బొమ్మలు. సెకనుకి రెండు చుట్లు తిప్పితే పదహారు. చెయ్యి తడబడితే తెర మీద మనుషులు పరిగెత్తినట్టో ఈదుతున్నట్టో కనపడతారు. అంటే మోటారు కూడా మనిషి చెయ్యే.

కెమెరా వచ్చింది గాని, అప్పిచ్చేవాళ్లకి నమ్మకం కుదరాలి కదా. ఫాల్కే ఒక కుండీలో బఠాణీ గింజలు నాటి, రోజూ ఆ మొక్కని కొంచెం కొంచెం ఫిల్ముకి ఎక్కించాడు. నెల రోజుల ఎదుగుదల నిమిషం పైచిలుకులో తెర మీద కనపడేసరికి డబ్బు పుట్టింది. మొలక మట్టిని చీల్చుకుని లేవడం రైతు ఇళ్లల్లో రోజూ చూసేదే, కానీ ఒక్క నిమిషంలో చూడడం వింతే. ఫిల్ము అంచుల్లో చిల్లులు వేసే పని ఆయన భార్య సరస్వతీబాయి చేసింది. 1913 మే 3న "రాజా హరిశ్చంద్ర" బొంబాయిలో విడుదలైంది.

మూడో మనిషి కథ మనకి ఇంకా దగ్గరిది, ఎందుకంటే ఆయన సెకండ్ హ్యాండు కొన్నాడు. మద్రాసులో మోటారు కార్ల విడిభాగాలు అమ్మే నటరాజ మొదలియారు, పూనాలో ఒక ఇంగ్లీషు కెమెరామన్ దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత తంజావూరు వైపు ఒక పెద్ద భూస్వామి దగ్గరున్న విలియమ్సన్ కెమెరా, ప్రింటరు కలిపి 1,800 రూపాయలకి తీసుకున్నాడు. అదే లెక్కన 120 కాసులు. 1917–18లో "కీచక వధం" తీశాడు. దక్షిణాదిలో మొదటి మూకీ కథాచిత్రం అదే. చూడండి, భూస్వామి ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆ కెమెరా ఒక సరదా. కార్ల స్పేర్లు అమ్మేవాడి చేతికొచ్చాక పరిశ్రమ పుట్టింది. యంత్రం అదే.

మరి వీటిలో ఇప్పుడు మిగిలిందేమిటి? "కీచక వధం" పోయింది. "భీష్మ ప్రతిజ్ఞ" కూడా పోయింది. "రాజా హరిశ్చంద్ర"లో కొంత భాగమే దొరికింది. ఆ కాలం ఫిల్ము నైట్రేటుది. ఎండకి కుళ్లుతుంది, నిప్పు తగిలితే గుప్పుమంటుంది.

దానికి ఎదురుగా మన నిజాం రాజ్యంలో ఒక కథ ఉంది. 1956 నవంబరు 1 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోదే కాబట్టి మన అనడం తప్పు కాదు. లాలా దీన్ దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం 1892లో వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని చేత నడిపించాడు. 1894లో నిజాం ఆయనకి రాజా బిరుదు ఇచ్చాడు. ఆయన వాడింది గాజు పలకల కెమెరాలు. ఆ గాజు నెగెటివ్‌లు 2,800కి పైగా ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. హైదరాబాదు పాత రూపం మనకి తెలిసేది వాటి వల్లే. ఆయన ఏ కంపెనీ కెమెరా వాడాడన్నది ఎవరూ అడగరు.

ఇక మన క్యాంపుల సంగతి. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయింది. ఎడమకాలువ పారడం మొదలయ్యాక మనవాళ్లు కుటుంబాలతో వచ్చి గుడిసెలు వేసుకున్నారు, పొదలు కొట్టారు, నల్లరేగడి చదును చేశారు. ఆ పనికి ఫొటో లేదు. మా ఇంటి ట్రంకుపెట్టెలో మొదటి పదేళ్లకి మూడే ఫొటోలున్నాయి. మూడూ స్టూడియోవే: వెనక రంగుల పరదా, పక్కన పూలకుండీ, మధ్యలో బిర్రబిగుసుకుని మా తాతయ్య. గుడిసె లేదు, కాలువ లేదు, ఎద్దులు లేవు. పైగా విదేశీ మారకం కొరత వల్ల 1950ల చివరి నుంచి కెమెరాల దిగుమతికి ప్రభుత్వం పగ్గాలు వేసింది. స్టూడియోవాళ్ల దగ్గర ఉన్నదే గొప్ప, అది పొలం గట్టు మీదకి ఎందుకొస్తుంది?

తర్వాత మా పెదనాన్న ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ కొన్నాడు. బరోడాలో తయారైన చవక డబ్బా కెమెరా. రీలుకి పన్నెండు బొమ్మలు. ఎండకొకటి, మబ్బుకొకటి గుర్తులు, అంతకన్నా ఏమీ లేవు. రీలు అయిపోతే మట్మారిలో రైలెక్కి రాయచూరు వెళ్లి కడిగించుకు రావాలి. "మిరపకాయల డబ్బు డబ్బాలో పోశాడు" అని మా నాయనమ్మ చాలా కాలం దెప్పిపొడిచిందట. ఇవాళ మా ఇంట్లో నాట్లు వేస్తున్న కూలీలు, కాలువ గట్టు, మొదటి ట్రాక్టరు, బోర్లించిన బుట్ట మీద కూర్చున్న మా నాన్న కనపడుతున్నారంటే ఆ డబ్బా వల్లే.

అంటే 2,000 కాసుల యంత్రం తెచ్చిన ఇంట్లో తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" మిగల్లేదు, చవక డబ్బా బొమ్మలు మిగిలాయి. వెంకయ్య గారు డబ్బు దండగ చేశారని నేననడం లేదు. ఆయన ఆ యంత్రాన్ని ఊరూరా తిప్పారు. దాని మీద థియేటర్లు లేచాయి, ఎంతోమందికి బతుకుదెరువు దొరికింది. కానీ ఖరీదు వేరు, బొమ్మని కాపాడుకోవడం వేరు. డబ్బు పెడితే రెండోది దానంతటదే రాదు.

ఇప్పుడు ఈ పాత కెమెరాలకి అరుదైనవి అన్న పేరు కూడా తోడైంది. 2022 జూన్‌లో ఒక లైకా వేలంలో 1.44 కోట్ల యూరోలకి పోయింది. మన డబ్బులో వంద కోట్లు దాటింది. 1923 ప్రాంతంలో పరీక్ష కోసం చేసిన కొద్ది కెమెరాల్లో ఒకటి అది, లైకా సృష్టికర్త ఆస్కార్ బార్నాక్ సొంతానిది. అలాంటిదాంతో ఎవరూ ఫొటోలు తీయరు. బీరువాలో బంగారం ఎలాగో అదీ అలాగే.

మా బాబాయి కొడుకు చూసింది అంత పెద్దది కాదు. రోలీఫ్లెక్స్, జర్మనీలో తయారైనది. పైన చూడ్డానికి ఒక లెన్సు, కింద తీయడానికి ఒకటి, తల వంచి చూసి తీయాలి. అడిగిన ధర రెండు కాసులకి దగ్గర. ఇంట్లో గొడవ అయ్యాక "అన్నయ్యా, నువ్వు టెస్టింగు చేస్తావు కదా, చూసి చెప్పు" అన్నాడు. నేను చూసే పద్ధతి ఇది. స్పీడు ఒక సెకను పెట్టి బటను నొక్కాలి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. పళ్ల చక్రాల శబ్దం మధ్యలో ఆగి ఆగి వస్తే లోపల నూనె ఎండిపోయినట్టు. షట్టరు తెరిచి లెన్సులోంచి టార్చి వేస్తే సాలెగూడు లాంటి బూజు ఉంటే కనపడుతుంది. వెనక తలుపు తీసి వెలుతురు దూరే సందులున్నాయేమో చూడాలి. ఆ తర్వాత ఒక రీలు వేసి, కడిగించి, నెగెటివ్ చూశాకే డబ్బు మాట. అలమరలో ముప్పై ఏళ్లు "కొత్తగా" ఉన్నదాని కన్నా, వాడి వాడి అరిగినదే ఎక్కువసార్లు ఈ పరీక్ష నెగ్గుతుంది.

ఇంకొక మాట కూడా చెప్పాను. అరుదైనది అంటే స్పేరు దొరకదని అర్థం. మన ఊళ్లో ఎవరి దగ్గరా లేని కంపెనీ ట్రాక్టరు కొన్నవాడి పాట్లు మనకి తెలియనివా? పాత స్టూడియోల్లో విరివిగా తిరిగిన జపాను యాషికా కూడా ఇదే పద్ధతిది, పన్నెండు బొమ్మలదే, కాసులో కొంత భాగానికే వస్తుంది. బాగుచేసే పాత మెకానిక్కులకి అది చేతికి అలవాటైన సరుకు. మిగిలిన డబ్బు రీళ్లకి పెట్టుకోమన్నాను. వాడింకా తేల్చుకోలేదు, వాడి జీతం వాడిష్టం.

కానీ కెమెరా ఏదైనా సరే, మనకి తొందర ఉంది. గుడిసెల్లో దిగిన తరంలో మిగిలినవాళ్లు ఇప్పుడు ఎనభైలు దాటారు. మాన్వి, సింధనూరు, గంగావతి వైపు ప్రతి క్యాంపులోనూ అలాంటివాళ్లు కొద్దిమందే ఉన్నారు. వాళ్లని స్టూడియో పరదా ముందు కాకుండా వాళ్ల గట్టు మీద, వాళ్ల వాకిట్లో నిలబెట్టి తీయండి. రీలు మీదైతే నెగెటివ్‌లు తేమ తగలకుండా దాచండి. ఫోనుతోనైతే కనీసం ఒకటి కాగితం మీద వేయించండి. వెనక పెన్సిలుతో పేరు, ఊరు, ఏ సంవత్సరంలో వచ్చారో రాయండి. పెన్ను వద్దు, సిరా ముందు వైపుకి ఊరుతుంది.

మా మూడు స్టూడియో ఫొటోల్లో ఒకదాంట్లో తాతయ్య పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడంటే బాగా కావలసినవాడే. వెనక ఏమీ రాసి లేదు. చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు.