సోడాలో సోడా ఏదీ?

ఒక్క మాటకి మన ఇళ్ళల్లో ఎన్ని అర్థాలో చూడండి. బజ్జీల పిండిలో చిటికెడు వేసేది వంట సోడా. మాసిన దుప్పట్లు నానబెట్టేది చాకలి సోడా. భుక్తాయాసంగా ఉంటే బడ్డీకొట్టు నుంచి తెప్పించుకునేది ఉత్త సోడా. మందపాటి కళ్ళద్దాల పిల్లని బళ్ళో ఏడిపించే పేరు సోడాబుడ్డి!

వీటిలో మొదటి రెండే అసలు సోడాలు. పూర్వం ఉప్పునేలల్లో పెరిగే మొక్కల్ని కాల్చి, ఆ బూడిద నుంచి సోడా తీసి గాజుకీ సబ్బుకీ వాడేవారు. 1807లో హంఫ్రీ డేవీ కాస్టిక్ సోడా నుంచి ఒక లోహాన్ని విడదీసి, దానికి సోడియం అని పేరు పెట్టాడు.

మరి తాగేదానికి ఆ పేరెలా వచ్చింది? 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ, బీరు పులిసే తొట్టెల మీద నిలిచే వాయువుని నీళ్ళలో కలిపి చూశాడు. నీళ్ళు బుసబుసలాడాయి. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ అలాంటి నీళ్ళు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అప్పట్లో అవి దాహానికి కాదు, మందుగా తాగేవి. ఊటనీళ్ళ గుణం రావాలని వాటిలో సోడా ఉప్పు కలిపేవారు. అలా సోడా వాటర్ అయింది. తరవాత చాలా సీసాల్లోంచి ఆ ఉప్పు పోయింది. నీళ్ళూ, బొగ్గుపులుసు వాయువూ, పాత పేరూ మిగిలాయి.

గోలీ సోడా సీసా 1870ల నాటిది. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టాడు. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి, మూతిలోని రబ్బరు చుట్టకి అదిమిపెడుతుంది. వేరే మూత అక్కర్లేదు. సీసా కడిగి మళ్ళీ నింపుకోవచ్చు. ఒక చిన్న మిషను ఉంటే చాలు, ఊళ్ళో సోడా వ్యాపారం నడిచేది. అందులోనే రంగూ తీపీ కలిస్తే మనవాళ్ళు కలర్ అన్నారు, తరవాత కూల్‌డ్రింక్ అన్నారు. అంటే తీపి లేనిది సోడా, తీపిది కలర్. రెంటికీ వేరే పేర్లున్నాయి.

అమెరికాలో ఆ తేడా చెరిగిపోయింది. అక్కడ చాలాచోట్ల సోడా అంటే తియ్యటి కోలా. కొన్ని రాష్ట్రాల్లో దాన్నే పాప్ అంటారు, దక్షిణాన ఏ డ్రింకునైనా కోక్ అనేస్తారు. పిల్లల దగ్గరికి వెళ్ళిన షుగరున్న అమ్మమ్మ అరగడానికి సోడా కావాలంటే, మనవడు ప్రేమగా తెచ్చిచ్చే 330 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 35 గ్రాముల పంచదార ఉంటుంది. పాపం, ఇద్దరి తప్పూ లేదు. మాట ఒకటే, వస్తువే మారింది.

మన వంటింట్లోనూ అంతే. వంట సోడా, చాకలి సోడా రెండూ తెల్లటి పొడులే. ఒకటి ఇడ్లీపిండిలోకి వెళుతుంది, రెండోది నోట్లో పడితే పుండ్లు పడతాయి. అందుకే డబ్బా మీద ఉత్త 'సోడా' అని రాసి ఊరుకోకండి, పూర్తి పేరు రాయండి. రెండు డబ్బాలూ ఒకే అలమరలో పెట్టకండి.