రెటినోబ్లాస్టోమా నుండి కోలుకున్న పిల్లల ఎదుగుదల

కంటి వెనుక పొరలో పుట్టే క్యాన్సరును రెటినోబ్లాస్టోమా అంటారు. సుమారు 15,000 నుండి 20,000 జననాలకు ఒక శిశువుకు ఇది వస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లలలోనే ఎక్కువ. కంటిపాప తెల్లగా మెరవడం మొదటి గుర్తు. సకాలంలో చికిత్స జరిగితే చాలామంది బ్రతుకుతారు. అయితే ఆ చికిత్స ప్రభావం బిడ్డ ఎదిగే కొద్దీ బయటపడుతుంది.

పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు దాదాపు 17 మిల్లీమీటర్లు, పెద్దవారిలో 24. గుడ్డు పెరిగే కొద్దీ చుట్టూ ఉన్న ఎముకల గూడు విస్తరిస్తుంది. శైశవంలోనే కన్ను తీసివేసి, లోపల ఇంప్లాంటు అమర్చకపోతే ముఖం ఆ వైపు చిన్నదై కనిపించవచ్చు. పైన పెట్టే కృత్రిమ నేత్రాన్ని కూడా బిడ్డతోపాటు పెద్దది చేయించవలెను. దూరమూ ఖర్చూ తెలిసినవే అయినా, పాతదే చాలునని ఊరుకోరాదు.

1990ల నుండి వైద్యులు బయటి నుండి ఇచ్చే రేడియేషనును తగ్గించి మందులకు ప్రాధాన్యమిచ్చారు. మొదటి ఏడాదిలో రేడియేషను పొందినవారికి కణతలు లోతుపడతాయి, ముక్కుదూలం అణగుతుంది. పిట్యూటరీ గ్రంథి కంటిగూళ్ళకు వెనుకనే ఉన్నది. దానికి రేడియేషను తగిలితే పెరుగుదల హార్మోను తగ్గవచ్చు. నాలుగేళ్ళు దాటిన బిడ్డ యుక్తవయస్సు వరకు ఏడాదికి 5-6 సెంటీమీటర్లు పెరగడం సహజం. ఆరు నెలలకొకసారి గోడకు నిలబెట్టి కొలిచి, తేదీతో వ్రాసి ఉంచవలెను. ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే వైద్యునికి చూపించవలెను. "మా వంశమే పొట్టి" అన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

కార్బోప్లాటిన్ మందు కొందరికి వినికిడి తగ్గిస్తుంది. పిలిస్తే పలకని పిల్లవానిని మొండివాడనే ముందు చెవులు పరీక్షింపజేయవలెను (ఈ మాట మా ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది).

వ్యాధిగ్రస్తులలో సుమారు 40 శాతం మందికి ఆర్‌బీ1 జన్యులోపం ఒంటిలోని కణాలన్నిటా ఉంటుంది. వీరికి తరువాతి కాలంలో ఎముకల క్యాన్సరు వచ్చే ప్రమాదం ఎక్కువ. కాబట్టి పదిపదిహేనేళ్ళ వయస్సులో మోకాలి వద్ద వాపు, తగ్గని నొప్పి కనిపిస్తే ఎదుగుదల నొప్పులని నూనె మర్దన చేసి కాలం గడపక, ఎక్స్‌రే తీయించవలెను.

మన సరిహద్దు కుటుంబాలు హైదరాబాదుకో, చెన్నైకో, బెంగుళూరుకో వెళ్ళి చికిత్స చేయించుకుంటాయి. ఏ మందు, ఎంత రేడియేషను ఇచ్చారో తెలిపే కాగితాలు బిడ్డ పెద్దయ్యే వరకూ భద్రంగా ఉండవలెను. పెళ్ళి సంబంధాల భయంతో వాటిని దాచివేసేవారున్నారు. జన్యులోపం గలవారి సంతానంలో ప్రతి శిశువుకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం. కాగితాలు లేకపోతే ఆ శిశువు కంటిని పుట్టిన కొద్దిరోజులలోనే పరీక్షించవలసి ఉన్నదని అత్తవారింట ఎవరికీ తెలియదు.