సెనేటులో కూర్చున్న జిల్లాలు

గుంటూరు నుండి తెనాలి పోయే రైలు మార్గంలో, తెనాలి చేరకముందు వచ్చే చిన్న స్టేషను అంగలకుదురు. ఉదయం గుంటూరు వెళ్ళి పని చూసుకొని సాయంకాలానికి ఇల్లు చేరగల దూరంలో ఉన్న ఊరది. అయినా ఆ ఊరి విద్యార్థి బి.ఏ. పరీక్షకు కూర్చుంటే పాఠ్యగ్రంథాలను నిర్ణయించినదీ, పట్టాపై ముద్ర వేసినదీ మొదట మదరాసు. అటుపిమ్మట చాలకాలం వాల్తేరు. ఈ ఏర్పాటును ఎవరు చేసినారు, ఎవరిని అడిగి చేసినారు అన్నదే నేటి మా ప్రసంగ విషయం.

1857లో నెలకొన్న మదరాసు విశ్వవిద్యాలయమే మొదట తెలుగు జిల్లాల కళాశాలలకు దిక్కు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆందోళనతో పాటే ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరికా బలపడుతూ వచ్చినది. రాష్ట్రం కోసం 1953 వరకు ఆగవలసి వచ్చినది గాని, విశ్వవిద్యాలయం ముందుగానే దక్కినది. మదరాసు శాసనసభ ఆమోదించిన ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం 1926 ఏప్రిల్ 26న అమలులోనికి వచ్చినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి వైస్‌ఛాన్సలరుగా నియమితులైనారు.

ఆ చట్టం పెత్తనాన్ని ఒకరి చేతిలో పెట్టలేదు. సెనేటు పెద్దసభ. అందులో అధ్యాపకులకూ, పేరు నమోదు చేసుకున్న పట్టభద్రులకూ, స్థానిక సంస్థలకూ ప్రాతినిధ్యం ఉండేది. నిత్యవ్యవహారం సిండికేటు చూచేది. చదువుకు సంబంధించిన సంగతులు, అనగా ఏ పాఠం చెప్పాలి, ఏ పరీక్ష పెట్టాలి అన్నవి, అకడమిక్ కౌన్సిలుకు చెందినవి. తరువాతి కాలంలో వైస్‌ఛాన్సలరును సైతం సెనేటే ఎన్నుకొనేది. సొమ్ము చూచేవారు వేరు, చదువు చూచేవారు వేరు, ఈ ఇద్దరినీ ప్రశ్నించగలవారు వేరు. చెప్పడానికి ఇది తేలికగానే ఉంటుంది. ఆచరణలో ఎంత కష్టమో రెండు మూడేండ్లలోనే తెలిసివచ్చినది.

కష్టం ఊరి దగ్గర వచ్చినది. విశ్వవిద్యాలయం తాత్కాలికంగా బెజవాడలో ఆరంభమైనది. శాశ్వత స్థానం ఎక్కడ? బెజవాడ రైళ్ళ కూడలి, సర్కారు జిల్లాలకు నడిబొడ్డు. రాజమహేంద్రవరానికి విద్యాకేంద్రమన్న పేరు పూర్వం నుండీ ఉన్నది. విశాఖపట్నంలో రేవు నిర్మాణం సాగుతున్నది. దత్తమండలాల వారికి అనంతపురం కావాలి. పైకి ఇది ఊళ్ళ పంతంగా కనిపించినా, లోపల ఉన్నది ప్రణాళికకు సంబంధించిన అసలు ప్రశ్న. ఉన్నత విద్యాశాఖలన్నిటినీ ఒకచోట కూర్చి బలమైన కేంద్రాన్ని కట్టుకోవడమా, లేక ఉన్న కొద్ది ధనాన్నీ జిల్లాల కళాశాలలకు పంచి అన్నిచోట్లా కొంతకొంత పెంచుకోవడమా? రెంటికీ చాలినంత ద్రవ్యం ఎవరివద్దా లేదు.

చివరకు గెలిచినది వాల్తేరు. 1930లో విశ్వవిద్యాలయం అక్కడికి తరలినది. దత్తమండలాలూ చిత్తూరు జిల్లా వేరుపడి తిరిగి మదరాసు విశ్వవిద్యాలయం నీడకు చేరినవి. తొలి వైస్‌ఛాన్సలరుగారి సొంత జిల్లా చిత్తూరే కావడం చరిత్ర చేసే వింతలలో ఒకటి. ఆ గాయం తొందరగా మానలేదు. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహంలో కుదిరిన ఒడంబడికలో, నదీజలాల మాటతో పాటు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో సమంగా అనంతపురంలోనూ కేంద్రం ఉండాలన్న షరతు చేరినది. రాయలసీమలో విశ్వవిద్యాలయం నెలకొన్నది 1954లో; అదీ అనంతపురంలో కాదు, తిరుపతిలో.

అయితే వాల్తేరు నిర్ణయం తప్పని మేమనము. రామలింగారెడ్డిగారు ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా ఇచ్చిన పిమ్మట, 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పదవి నిర్వహించినారు. బోధనశాఖలు వేళ్ళూనినది ఆ కాలంలోనే. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేటా లక్ష రూపాయల విరాళం ఏర్పరచినారు. విజ్ఞానశాస్త్ర కళాశాల ఆయన పేరనే వెలసినది. 1936లో రెడ్డిగారు మళ్ళీ ఎన్నికై 1949 వరకు కొనసాగినారు. ప్రభుత్వాన్ని ధిక్కరించి పోయినవానిని తిరిగి పిలుచుకొనే స్వాతంత్ర్యం ఆనాటి సెనేటుకు ఉండినదన్నమాట! ధనమూ, ఆచార్యులూ ఒకచోట కూడినందువల్లనే అది సాధ్యమైనదని వాదించేవారికి బలమైన ఆధారమే కలదు.

గుంటూరు జిల్లా వారి అనుభవం వేరు. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడిన పిమ్మట విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలివచ్చినది. యుద్ధభయం తీరగానే తిరిగి వెళ్ళినది. 1951లో తెనాలిలో వి.ఎస్.ఆర్. అండ్ ఎన్.వి.ఆర్. కళాశాల, 1963లో స్త్రీలకు జె.ఎం.జె. కళాశాల ఏర్పడినవి. ఇటువంటి అనుబంధ కళాశాలలలో పాలన రెండు చేతుల మీద నడిచేది. స్థలం, భవనం, ఉద్యోగుల నియామకం యాజమాన్యానివి. గుర్తింపు, తనిఖీ, పాఠ్యక్రమం, పరీక్ష విశ్వవిద్యాలయానివి. కొత్త శాఖ ఒకటి తెరవాలంటే గది కట్టవలసినది తెనాలిలో, అనుమతి రావలసినది వాల్తేరు నుండి. బి.ఏ. ముగించి ఎం.ఏ. చదవగోరిన పేద విద్యార్థికి ఆ దూరమే అడ్డుగోడ. ఆడపిల్లల విషయం చెప్పనే అక్కరలేదు. హాస్టలు ఖర్చు ఒక ఎత్తు, ఇంటివారిని ఒప్పించడం మరొక ఎత్తు.

ఆ దూరం విడతలుగా తగ్గినది. 1967లో గుంటూరు చెంత నల్లపాడులో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కేంద్రం తెరచినది. అదే పెరిగి 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైనది. సెప్టెంబరు 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్‌గారు దానిని ప్రారంభించినారు. గుంటూరు, విజయవాడల నడుమ నంబూరు దాపున నిలిచిన ఆ ప్రాంగణం అంగలకుదురు వారికి పొరుగూరు వంటిదే.

దూరం తగ్గినది గాని, మాట చెల్లే చోటు కూడా మారినది. 1991లో రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి చట్టం వచ్చినది. పట్టభద్రులూ స్థానిక సంస్థలూ ప్రతినిధులను పంపే పాత సెనేటు పోయినది. దాని పేరు విద్యావిషయాలకు పరిమితమైన అకడమిక్ సెనేటులో మిగిలినది. పాలకమండలిలో ప్రభుత్వం నియమించేవారు ప్రధానమైనారు. వైస్‌ఛాన్సలరును ఎన్నుకొనే పద్ధతికి బదులు, సంఘమొకటి సూచించిన ముగ్గురిలో ఒకరిని నియమించే పద్ధతి స్థిరపడినది. 1930కి పూర్వం ఊరి కోసం అంత గట్టిగా తగవులాడుకొన్న జిల్లాలకు కనీసం తగవులాడుకొనేందుకు ఒక సభ ఉండినది. తెనాలిలో పట్టభద్రుడైన గృహస్థు తన పేరు నమోదు చేయించుకొని ఆ సభకు ఓటు వేయగలిగేవాడు. విశ్వవిద్యాలయం కనుచూపు మేరకు వచ్చిన తరువాత, ఆ ఓటు అతనికి లేదు.