విమానానికి మెరుగు పెట్టే చేతులు

అమెరికన్ ఎయిర్‌లైన్స్ పాత ఫొటోలు చూస్తే విమానాల ఒంటిమీద రంగు దాదాపు కనబడదు. అంతా ఒట్టి అల్యూమినియమే, తళతళలాడుతూ. 1930ల నాటి డీసీ-3ల నుంచి 2013 దాకా ఆ సంస్థ చాలావరకు ఇదే వేషం కట్టింది. రంగు లేకపోతే బరువు తగ్గుతుంది. జంబో జెట్‌కు నిండా రంగేస్తే రెండువందల కిలోలు పైమాటే మరి. కానీ ఇంధనంలో మిగిలిందంతా పాలిష్ ఖర్చుకే సరిపోయేది. ఆఖరికి కార్బన్ ఫైబర్ విమానాలొచ్చాయి. పాలిష్ పట్టడానికి లోహమే లేకపోవడంతో సంస్థ వెండి ఛాయ పెయింటుకు మారింది.

ఆ మెరుపు మొదట అందం కోసం పుట్టింది కాదు. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టిన డ్యురాలుమిన్ అనే అల్యూమినియం మిశ్రలోహం తేలిక, గట్టి. అయితే తుప్పుకు లొంగిపోతుంది. ఉప్పుగాలి లోహాన్ని ఏం చేస్తుందో విశాఖవాసులకు చెప్పక్కర్లేదు. 1927లో అమెరికాలో ఆల్కోవా సంస్థకు చెందిన ఎడ్గర్ డిక్స్ దీనికి విరుగుడు చూపాడు. రేకుకు రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికించాడు. అదే ఆల్‌క్లాడ్. ఫొటోల్లో మెరిసేది ఆ పొరే.

చిక్కల్లా దాని మందంతోనే. పలుచటి రేకుల్లో అది ఒక్కోవైపు నూటికి ఐదు పాళ్లు మించదు. పాలిష్ పట్టే బఫర్ యంత్రం తిరిగినప్పుడల్లా నల్లటి మడ్డి దిగుతుంది. మురికి అనుకుంటాం గానీ, అందులో లోహమూ ఉంటుంది. మరీ రుద్దితే కాపాడే పొరే లేచిపోతుంది. రివెట్ల తలల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి.

అసలు కడగడానికి నీళ్లు కొట్టకముందే చేయాల్సిన పని ఇంకొకటుంది. విమానం పక్కల్లో స్టాటిక్ పోర్టులనే చిన్న రంధ్రాలుంటాయి. బయటి గాలి పీడనం వాటిగుండానే లోపలికి తెలుస్తుంది. ఎత్తు, వేగం లెక్కలు దాని మీద ఆధారపడతాయి. నీళ్లు, పాలిష్ చొరబడకుండా వాటిని మూయాలి, పని కాగానే తీయాలి.

1996 అక్టోబర్ 1. పెరూ రాజధాని లిమాలో ఏరోపెరూ బోయింగ్ 757ను కడిగి పాలిష్ పట్టారు. పోర్టులకు అంటించిన వెండిరంగు టేపు తీయడం మరిచారు. అర్ధరాత్రి దాటాక విమానం శాంటియాగోకు బయల్దేరింది. లేస్తూనే మీటర్లు తప్పుడు లెక్కలు చూపాయి. వేగం ఎక్కువైందని ఒక హెచ్చరిక, తక్కువైందని మరొకటి, రెండూ ఒకేసారి మోగాయి. కింద చీకటి సముద్రం, కంటికి ఏ ఆనవాలూ లేదు. పైలట్లు కంట్రోల్ టవర్‌ను ఎత్తు అడిగారు. 9,700 అడుగులని జవాబొచ్చింది. టవర్ తెర మీది ఆ అంకె కూడా విమానం పంపిందే! పసిఫిక్‌లో కూలేసరికి గాలిలో గడిచింది అరగంట లోపే. 70 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

టేపు వేసిన కార్మికుడికి కోర్టు శిక్ష వేసింది. తప్పు అతనిదే, కాదనలేం. కానీ పని సరిచూడాల్సిన సూపర్‌వైజర్, మెకానిక్, ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి చూడాల్సిన పైలట్ కూడా ఉన్నారు కదా. ఇన్ని తనిఖీ అంచెలను ఆ పొరపాటు దాటొచ్చిందంటే చీపురు, గుడ్డ పట్టినవాడి పనిని ఎవరూ ఇంజినీరింగ్‌గా లెక్కగట్టలేదనే అనుకోవాలి. పోర్టులను మూసే కవర్లకు ఎర్ర రిబ్బన్లు వేలాడదీయమనేది మాత్రం ఇంజినీరింగ్ నియమమే.