ఏడున్నర వేలు మాత్రమే

జాజ్ ఎల్పీ అట్ట మీద నంబరు వేసి, ‘ఇన్ని కాపీలే, అయిపోతే మళ్లీ రావు’ అని అమ్మడం ఇప్పుడు మంచి బేరం. కొత్తగా అచ్చువేసిన పాత ఆల్బమ్ ఒకటి పొద్దున్న అమ్మకానికి పెడితే సాయంత్రానికి ఖాళీ. మర్నాడు అదే రికార్డు రెట్టింపు ధరకి ఇంకొకరి దగ్గర తేలుతుంది. ఈ అలవాటుకి దారి వేసిన వాళ్లలో ఇద్దరి కథ మాత్రం ఇంత దర్జాగా మొదలు కాలేదు. ఆ ఇద్దరి చేతిలో టేపులు లేవు, కంపెనీ లేదు. ఒక ఎల్పీకి కూడా చాలని సంగీతం ఉంది, అంతే.

ఎల్పీ పుట్టింది 1948లో, న్యూయార్క్‌లో, కొలంబియా కంపెనీ చేతుల్లో. అంతకు ముందు 78 రికార్డు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే మోగేది. దాన్ని షెల్లాక్‌తో, అంటే మన లక్కతోనే చేసేవారు. ఏటికొప్పాక బొమ్మకి మెరుపునిచ్చే పదార్థమే అమెరికా వాడి పాటనీ మోసిందన్నమాట. వినైల్ రావడంతో ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది, జాజ్ వాయిద్యకారుడికి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. ఆ చోటుని బాగా వాడుకున్న రికార్డు కంపెనీల్లో బ్లూ నోట్ ఒకటి. వాళ్ల రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ వృత్తిరీత్యా కళ్లజోళ్ల డాక్టరు. న్యూజెర్సీలో తల్లిదండ్రుల ఇంటి ముందుగదే మొదట్లో ఆయన స్టూడియో. పాత బ్లూ నోట్ రికార్డుని దీపం కింద కాస్త వాల్చి చూడండి. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి పట్టీలో చాలావాటికి ‘ఆర్‌వీజీ’ అని ఉంటుంది. పాటని గాడిలోకి కోసింది తానేనని ఆయన పెట్టుకున్న గుర్తు. రికార్డులు సేకరించేవాళ్లు పాట కన్నా ముందు వెతికేది దాన్నే.

బ్లూ నోట్ అరవైల నడుమ చేతులు మారింది, 1980 దాటేసరికి దాదాపు మూతపడింది. ఈలోగా మైకేల్ కస్కూనా అనే రికార్డు నిర్మాత ఒక నోటుపుస్తకం నింపుకుంటూ వచ్చాడు. కనిపించిన వాయిద్యకారుణ్ణల్లా, ‘బ్లూ నోట్‌కి వాయించి, బయటికి రాని పాటలేమైనా ఉన్నాయా?’ అని అడగడం, చెప్పింది రాసుకోవడం. బ్లూ నోట్‌లోనే పనిచేస్తున్న చార్లీ లూరీ సాయంతో 1975లో ఆ కంపెనీ టేపుల గదిలోకి అడుగు పెట్టగలిగాడు. వివరాలు సరిగా రాయని టేపు డబ్బాలు ఎన్నో. ఒక్కోటీ వినాలి, డ్రమ్స్ ఎవరు, ట్రంపెట్ ఎవరు అని చెవితో పోల్చుకోవాలి, తేలకపోతే ఆనాటి వాళ్లకే ఫోన్ చేసి అడగాలి. నా లెక్కలో ఈ మొత్తం కథలో అసలైన పని ఇదే. తర్వాత జరిగిందంతా అచ్చువేయడం, అమ్మడం.

ఆ తవ్వకంలో జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ వాయించినది కొంత బయటపడింది. వదులుకోలేనంత మంచిది, కానీ ఒక ఆల్బమ్‌కి సరిపోదు. మంక్ 1947 నుంచి 1952 దాకా బ్లూ నోట్‌కి వాయించినవి అప్పటికే వేర్వేరు ఎల్పీల్లో ఒక వరస లేకుండా చెదిరి ఉన్నాయి. బ్లూ నోట్‌ని మళ్లీ నిలబెడదామని కస్కూనా, లూరీ దాని యజమానులకి చెప్పిచూశారు. వాళ్లు అప్పట్లో కదల్లేదు. అప్పుడు తట్టింది: మంక్ వాయించినదంతా, దొరికిన కొత్త ముక్కలతో సహా, వాయించిన వరసలోనే ఒక పెట్టెలో పెడితే? అలా పుట్టింది మొజాయిక్ రికార్డ్స్. 1983లో మంక్ పెట్టె వచ్చింది, నాలుగు ఎల్పీలు, ఫొటోలతో పెద్ద పుస్తకం. అమెరికాలో సీడీ అడుగుపెట్టిన ఏడాదే వీళ్లు ఎల్పీ పెట్టెలతో దిగారు!

కాపీలు 7,500 మాత్రమే. ఈ అంకె వెనక రహస్యమేమీ లేదు. టేపులు పెద్ద కంపెనీవి. ఇన్ని కాపీలకు, ఇంత కాలానికి అని లైసెన్సు తీసుకుని అచ్చువేయాలి. గడువు తీరితే హక్కులు తిరిగి వాళ్లవే. దుకాణాల్లో పెట్టలేదు, పోస్టులోనే అమ్మారు. అయిపోయినవి అయిపోయాయి. కొన్నవాళ్ల అల్మరాల్లో ఆ పెట్టెల విలువ పెరుగుతూ పోయింది, దాన్ని మిగతా ప్రపంచం గమనించింది.

సీడీ కాలం దాటి వినైల్ మళ్లీ పుంజుకున్నాక నంబరుకి ఇంకో కారణం తోడైంది. పాటని ముందు లక్కర్ అనే పూత వేసిన అల్యూమినియం పళ్లెం మీద కోస్తారు. దాని మీద వెండి చల్లి, నికెల్ పట్టించి ఊడదీస్తే లోహపు అచ్చు వస్తుంది. దాన్నుంచి ఇంకోటి, దాన్నుంచి మరోటి తీసి ఆ మూడో తరం అచ్చుతో రికార్డులు ఒత్తుతారు. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే రికార్డు కంపెనీ వాళ్లు 2016లో నడిమి రెండు మెట్లూ తీసేసి, మొదటి అచ్చుతోనే ఒత్తడం మొదలుపెట్టారు. అలాంటి అచ్చు సుమారు వెయ్యి కాపీలకే అరిగిపోతుంది. ఇంకా కావాలంటే పాటని మళ్లీ మొదటినుంచి కోయాలి. కాబట్టి కాపీలు తక్కువ, ధర ఎక్కువ. న్యాయంగానే అనిపించింది.

2022లో వాళ్లే మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ని ఈ పద్ధతిలో 40,000 కాపీలు వేస్తామన్నారు. లెక్క తెలిసిన వాళ్లు అక్కడ ఆగారు. అన్ని కాపీలకి ఎన్ని లక్కర్ పళ్లేలు కోయాలి? అన్నిసార్లు అసలు టేపుని తిప్పనిచ్చేదెవరు? ఆ జూలైలో ఫీనిక్స్‌లోని ఒక రికార్డుల దుకాణదారు గుట్టు విప్పాడు, కంపెనీ ఇంజనీర్లూ ఒప్పుకున్నారు: అసలు టేపు నుంచే నేరుగా కోస్తున్నారని కొనేవాళ్లు నమ్మిన చాలా రికార్డులకి ఏళ్ల తరబడి నడుమ డిజిటల్ కాపీ వాడుతున్నారు. కోర్టు కేసు రెండున్నర కోట్ల డాలర్ల రాజీదాకా వెళ్లింది. డిజిటల్ మెట్టు ఉంటే చెవి ఇట్టే పట్టేస్తుందని వాదించిన పెద్దలు అవే రికార్డులని అన్నాళ్లూ మెచ్చుకుంటూ విన్నారు. ఏ చెవీ పట్టలేని సంగతిని ఒక అంకె పట్టించింది.

ఆ లోపే, మళ్లీ ప్రాణం పోసుకున్న బ్లూ నోట్ తన 80వ ఏట, 2019లో, టోన్ పొయెట్ పేరుతో పాత ఆల్బమ్‌లు వెయ్యడం మొదలుపెట్టింది. ఎంపిక జో హార్లీది, అసలు టేపుల నుంచి గాడి కోసేది కెవిన్ గ్రే. వాటి మీద నంబరు ఉండదు. అయిపోతే మళ్లీ వేసినవీ ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది వాటితోనే మొదలుపెట్టమని. నంబరున్న పెట్టె కనబడితే, కొనే ముందు ఆ అంకె ఎందుకని అమ్మేవాణ్ణి అడగండి. లైసెన్సు వల్లనో, అచ్చు అరగడం వల్లనో అని చెప్పగలిగితే ఆలోచించండి. నీళ్లు నమిలితే మీ డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.