విచారణ – జేకేపూర్‌లో ఒక కుటుంబ చరిత్ర

ఉగాది సంచికకు ఏదైనను వ్రాసి యిమ్మని మన సంఘమువారు కోరినారు. మేము పండితులము కాము. అయినను మూడు తరములుగా జేకేపూర్‌లో కాపురముండి, రాయగడ కథోలిక విచారణను అంటిపెట్టుకొని బ్రతికిన కుటుంబము గనుక, ఆ చరిత్రనే నాలుగు మాటలలో విన్నవించుకొనుచున్నాము.

విచారణ అనగానే పాఠకులకు కోర్టు జ్ఞాపకము రావచ్చును. తెలుగు కథోలికులకు మాత్రము అది ఒక గుడికిని, దాని గురువునకును, ఆ పరిధిలోని కుటుంబములన్నిటికిని కలిపి పెట్టిన పేరు. “మన యోగక్షేమములు విచారించువారు గల చోటు” అని మా నాయనమ్మ దానికి అర్థము చెప్పెడిది. పరాయి ఊరికి వచ్చినవారికి అంతకంటె కావలసినదేమి?

తెలుగునాట ఈ మతము కుటుంబముల వలననే నిలిచినది. 1701లో పుంగనూరులో ఫ్రెంచి జెస్యూట్ గురువులు బోధ ప్రారంభించినారు. 1773లో పోపుగారు ఆ సభను రద్దుచేయగా గురువులు కరవైనారు. ఆ కరవు కాలములో జపములు నిలిచినది తల్లుల నోటనే, ఇంటి దీపముల ముందరనే. ఉత్తరాంధ్రకు 1846లో అనెసీ పట్టణమునుండి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చినారు. 1886లో విశాఖపట్టణము మేత్రాసనమైనది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ కొండసీమ జయపురము జమీనుతోపాటు విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1931 నాటికి విజయనగరమునుండి రాయపూరు వరకు రైలుమార్గము పూర్తియైనది. 1962లో కాగితపు మిల్లు పని ప్రారంభించగా, ఆ రైలుమీదనే మా తాతగారు పార్వతీపురము వైపునుండి వచ్చి వెదురు యార్డులో పనికి కుదిరినారు.

ఆదివారము సైకిలుపై రాయగడకు పోయి పూజలో పాల్గొనుట ఆయన నియమము. ఆనాడు పూజ లాటినులో జరిగెడిది. అర్థము తెలియకపోయినను జవాబులన్నియు ఆయనకు కంఠస్థము. 1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ దేశభాషలకు అనుమతి నొసగినది. క్రమముగా ఇక్కడి గుడిలో ఒడియా వినవచ్చినది. మా ఇంట సాయంకాల జపమాల మాత్రము తెలుగుననే సాగినది. కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబములకు మా వరండాయే మొదటి గుడి. చందాలు వసూలు చేయుట, రోగులను చూచివచ్చుట, పాస్క పండుగకు గుడికి సున్నము వేయించుట తాతగారి వంతు. ఆయన తరువాత అవి మా నాయనగారి వంతైనవి.

మా మేనత్త పెండ్లి రాయగడలో నిశ్చయమైనప్పుడు, ఆమె జ్ఞానస్నానపు పత్రము స్వగ్రామపు విచారణనుండి తేవలసివచ్చినది. తాతగారు పాసింజరు బండిలో స్వయముగా పోయినారు. పాత పుస్తకము తెరచి చూడగా బిడ్డ పేరు ప్రక్కన జ్ఞానతల్లిగా ఆయన చెల్లెలి పేరున్నది. ఆమె మిల్లు నాటికి ముందే కాలము చేసినది. ఆమె పేరు వ్రాసియున్న కాగితము లోకములో అదొక్కటే. ఆయన ఆ పుట మీద చేయి వేసి చాలసేపు కూర్చుండినారట.

శ్రీసభ చట్టము ప్రకారము, ఎక్కడ పెండ్లి జరిగినను ఆ కబురు జ్ఞానస్నానము పొందిన విచారణకు పంపి, అక్కడి పుస్తకములో పేరు ప్రక్కన వ్రాయింపవలెను. కనుక మా అత్త పెండ్లి వార్త ఆమె పుట్టిన ఊరి పుస్తకమునకు చేరినది. వలసపోయినవారిని ఊరు మరచినను ఆ పుస్తకము మరువదు.

కాలక్రమమున ఏలుబడులు మారినవి. 1937లో కటకము మేత్రాసనము, 1974లో బరంపురము మేత్రాసనము ఏర్పడినవి. 1992లో కొరాపుట్‌నుండి విడివడి రాయగడ జిల్లాయైనది. 2016 జులై 11న రాయగడయే మేత్రాసనమైనది. కొరాపుట్, నబరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలును దానిలో చేరినవి. అప్లినార్ సేనాపతిగారు మొదటి మేత్రాణులు. ఒకనాడు సైకిలు తొక్కిపోయిన ఊరికి ఇంతటి గౌరవము దక్కుట చూడ తాతగారు లేకపోయినారు. నాయనమ్మ చూచినది.

ఆమె పోయిన రాత్రి సంగతి చెప్పక తప్పదు. మంచి మరణము కొరకు చెప్పు తెలుగు జపమును ఆమె మంచము ప్రక్కన మొదలుపెట్టినాము. సగములో ఆగిపోయినాము. మిగిలిన మాటలు మాలో ఎవరికిని రావు. ఎన్నో మరణశయ్యల వద్ద దానిని చెప్పినది ఆమెయే. ఆమె ఉండగా మేము నేర్చుకొనలేదు. చివరకు విచారణలోని ఒడియా పెద్ద ఒకాయన తన భాషలో జపము పూర్తిచేసినారు. మరునాడు పాడె మోసినవారిలో రామమందిరము భజన బృందమువారును ఉన్నారు. విచారణ అను మాటకు నాయనమ్మ చెప్పిన అర్థము ఆనాడు మాకు పూర్తిగా బోధపడినది. దానితోపాటు మా లోపమును బోధపడినది.

మా పిల్లలు గుడిలో ఒడియా పాటలు చక్కగా పాడుదురు. అందుకు మాకు సంతోషమే. ఈ గడ్డ మనకు అన్నము పెట్టినది. కాని ఇంటి జపము ఇంటి భాషలో నిలువవలెనన్న దానిని ఇతరులు మనకు నేర్పరు. స్వగ్రామమునుండి ఆ జపమును వ్రాయించి తెచ్చి, ఇప్పుడు ప్రతి ఆదివారము అరగంట పిల్లలచేత చదివించుచున్నాము.

మన సంఘములోని ప్రతి కుటుంబమునకును, ఏ గుడికి పోవువారైనను, మా మనవి యొక్కటే. మీ పెద్దలు జీవించియుండగనే వారి పాటలు, మంత్రములు, పేర్లు ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఈ ఉగాది పచ్చడి తిన్న చేతితోనే మొదలుపెట్టుడు.

అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.